బృందం ముందు, బోర్డు ముందు మాట్లాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

టీమ్ లీడ్‌గా కొత్తగా బాధ్యత తీసుకున్నవారి నుంచి కంపెనీ నడుపుతున్నవారి దాకా ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. వీటన్నిటికీ మేం పెట్టుకున్న కొలత ఒకటే. మీరు మాట్లాడిన మర్నాడు, విన్నవారు ఆ సమావేశానికి రానివారికి మీ మాటను సరిగ్గా చెప్పగలగాలి. చప్పట్లు ఎంత గట్టిగా పడినా ఆ పని జరగకపోతే ప్రసంగం పని చేయనట్టే.

మైకు ముందు నిలబడగానే గుండె దడ, చేతుల్లో వణుకు. ఇది పోతుందా?

పూర్తిగా పోకపోవచ్చు, పోవాల్సిన అవసరం కూడా లేదు. ఆ దడకు కారణం అడ్రినలిన్ అనే హార్మోన్. దాని ఉధృతి మొదలుపెట్టడానికి ముందు, మొదటి ఒకటి రెండు నిమిషాల్లో ఎక్కువగా ఉంటుంది. మాట్లాడుతున్నకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ఆ రెండు నిమిషాలు దాటడానికి ఏర్పాటు చేసుకుంటే చాలు. మొదటి రెండు మూడు వాక్యాలను మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా కంఠస్థం చేయండి. బుర్ర మొద్దుబారినా నోరు ఆగదు.

మీ భయం మీకు కనిపించినంతగా ఎదుటివారికి కనిపించదు. కెన్నెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన పరిశోధనలో వక్తలు తమ కంగారు బయటికి ఎంత తెలుస్తోందో ఎక్కువగా అంచనా వేసుకున్నారని తేలింది. ఈ సంగతిని ముందే చెప్పినప్పుడు వాళ్లు మెరుగ్గా మాట్లాడారు కూడా. అందుకే 'క్షమించండి, నాకు కాస్త టెన్షన్‌గా ఉంది' అని మొదలుపెట్టొద్దు. గమనించనివారి చేత మీరే గమనింపజేసినట్టు అవుతుంది.

మనసును బలవంతంగా శాంతపరచుకోవడం కూడా కష్టమే. ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అనుకున్నవారికంటే 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అనుకున్నవారి ప్రసంగాలు బాగా వచ్చాయి. శరీరం అప్పటికే వేగం అందుకుంది కాబట్టి ఆ వేగానికి ఇంకో పేరు పెట్టడం తేలిక.

శరీరం విషయంలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదారు సార్లు చాలు. పల్చటి ఎ4 కాగితం పట్టుకుంటే చేతి వణుకు పదింతలై కనిపిస్తుంది. గట్టి కార్డు మీద రాసుకోండి, లేదా కాగితాన్ని బల్ల మీదే ఉంచండి. నోరు ఎండుతుంది కాబట్టి మామూలు నీళ్లు అందుబాటులో పెట్టుకోండి. కాఫీతో దడ పెరిగేవారు ఆ పూట మానేయడం మంచిది.

ప్రసంగం తయారీ ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది స్లయిడ్లు తెరుచుకుని మొదలుపెడతారు. తప్పు అక్కడే జరుగుతుంది. ముందు ఒక్క వాక్యం రాయండి: 'ఇది విన్నాక వీళ్లు ఫలానా పని చేయాలి.' ఆ ఖాళీలో 'అవగాహన పెంచుకోవాలి' లాంటి మాట పడితే మీరు ఇంకా తేల్చుకోలేదన్నమాట. 'రెండో యంత్రం కొనుగోలుకు ఈ నెలాఖరులోగా అనుమతి ఇవ్వాలి' అన్నది వాక్యం. 'ఫిర్యాదు వచ్చిన నాలుగు గంటల్లోగా మొదటి జవాబు పంపాలి' అన్నది వాక్యం.

తర్వాత ఆ పని చేయకుండా వాళ్లను ఆపుతున్నదేమిటో రాయండి. డబ్బు సరిపోదనా? పోయినసారి ఇలాంటిదే విఫలమైందనా? పని భారం తమ మీద పడుతుందనా? బలమైన అభ్యంతరాలు సాధారణంగా రెండు మూడు మించవు. మీ ప్రసంగం మధ్యభాగం వీటికి సమాధానమే. ఏ అభ్యంతరానికీ సమాధానం కాని సమాచారం ఎంత కష్టపడి సేకరించినా పక్కన పెట్టండి, ప్రశ్నల సమయంలో అక్కరకు రావచ్చు. ప్రారంభ వాక్యాలు చివరగా రాయాలి. ఏం చెప్పబోతున్నామో తేలకముందు ప్రారంభం రాస్తే అది ఎవరికైనా సరిపోయే పడికట్టు మాటల్లో ఉంటుంది.

బోర్డు ముందు, పై అధికారుల ముందు ఒక మార్పు చేయాలి. అడగాల్సింది మొదటి నిమిషంలోనే అడిగేయండి. నేపథ్యం, విశ్లేషణ, ఆపై సిఫారసు అనే వరుసలో వెళ్తే సిఫారసు దగ్గరికి వచ్చేలోపు సమయం అయిపోతుంది, లేదా మూడో స్లయిడ్ దగ్గరే చర్చ దారి తప్పుతుంది.

మొత్తం రాసుకుని చదవాలా? బట్టీ పట్టాలా?

మాట తేడా వస్తే చట్టపరమైన చిక్కు వచ్చే ప్రకటన అయితే రాసినది చదవండి, అందులో చిన్నతనం లేదు. మిగతా సందర్భాల్లో మొదలు, ముగింపు కంఠస్థం చేసి మధ్యభాగాన్ని ఐదారు మాటల గుర్తులుగా ఒక కార్డు మీద ఉంచుకోవడం మేలు. మొత్తం బట్టీ పట్టినవారు ఒక మాట మరిచిపోతే తర్వాతి మాట దొరకదు. పైగా కళ్లు పైకప్పు వైపు తిరుగుతాయి. వినేవారు దాన్ని వెంటనే పసిగడతారు.

రిహార్సల్ ఎలా చేయాలి? ఎన్నిసార్లు?

మనసులో చదువుకోవడం రిహార్సల్ కాదు. నోరు తిరగని చోటు, ఊపిరి అందని వాక్యం పైకి చెబితేనే బయటపడతాయి. ముఖ్యమైన ప్రసంగానికి పైకి, నిలబడి, గడియారం పెట్టుకుని కనీసం ఐదు సార్లు చెప్పండి. ఐదూ ఒకే రోజు కాకుండా మూడు రోజుల మీద పంచుకోండి.

మొదటిసారి అంతా తడబాటే ఉంటుంది, ఆగకుండా చివరిదాకా వెళ్లండి. రెండోసారి ఫోన్లో ఆడియో రికార్డు చేసి వినండి. ఎక్కడ మీకే విసుగొచ్చిందో అక్కడ కత్తిరించండి. మూడోసారి వీడియో తీసి, ముందు శబ్దం ఆపేసి చూడండి. చేతులతో ఉంగరం తిప్పడం, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి ఊగడం లాంటివి శబ్దం లేనప్పుడే కంటికి తగులుతాయి. నాలుగోసారి ఈ విషయం తెలియని ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. అయిపోయాక 'ఎలా ఉంది?' అని అడగొద్దు, 'బాగుంది' అనే జవాబు తప్ప రాదు. 'నేను ఏం చెప్పాను? మీరేం చేయాలని అడిగాను?' అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పినదానికీ తయారీలో మీరు ముందుగా రాసుకున్న 'వీళ్లు ఫలానా పని చేయాలి' అన్న వాక్యానికీ పొంతన లేకపోతే తప్పు ప్రసంగం అల్లికలో ఉంది. గొంతుతోనో హావభావాలతోనో దాన్ని సరిచేయలేరు. ఐదోసారి వీలైతే అదే గదిలో, అదే మైకుతో చేయండి.

20 నిమిషాలు ఇచ్చారు. ఎంత తయారుచేసుకోవాలి?

16 నిమిషాలకు. ముందువారు ఆలస్యం చేస్తారు, ప్రొజెక్టర్ మొరాయిస్తుంది, మధ్యలో ఎవరో ప్రశ్న వేస్తారు. నిమిషానికి 130 నుంచి 150 మాటలు అని అక్కడక్కడ కనిపించే లెక్క ఇంగ్లిష్‌కు సంబంధించినది. తెలుగులో విభక్తులు, క్రియా ప్రత్యయాలు మాటలోనే కలిసిపోతాయి కాబట్టి అదే వేగంలో మాటల లెక్క బాగా తగ్గుతుంది. మీ రాతప్రతిలో ఒక పేజీని పైకి చదివి, పట్టిన సమయాన్ని కొలిచి, దాన్నిబట్టి లెక్క వేసుకోండి. సమయం సగానికి కుదించారని వేదిక దగ్గర చెబితే వేగం పెంచొద్దు. ఏ భాగం వదిలేయాలో ముందే గుర్తుపెట్టుకుని ఉండాలి.

నా మాట చివరి వరుసకు వినిపించడం లేదంటున్నారు. గట్టిగా అరవాలా?

చాలాసార్లు సమస్య వాక్యం చివర ఉంటుంది. ఊపిరి అయిపోతున్నకొద్దీ గొంతు కిందికి జారుతుంది. తెలుగులో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే మన క్రియ వాక్యం చివర్లోనే వస్తుంది. 'ఈ త్రైమాసికంలో కొత్త నియామకాలు...' దాకా బాగా వినిపించి, 'చేస్తాం', 'చేయలేం', 'ఆపేశాం' అన్నది గొణుగుడైతే అసలు విషయమే పోయినట్టు. వాక్యాలను 10, 12 మాటలకు కుదించండి. చివరి మాట మీద మొదటి మాటకు ఇచ్చినంత బలం ఇవ్వండి. సాధన కావాలంటే ఒక పేరా తీసుకుని ప్రతి వాక్యంలోనూ క్రియను మాత్రం రెండింతలు గట్టిగా పలుకుతూ చదవండి. అతిగా అనిపిస్తుంది. రికార్డులో వింటే మామూలుగానే ఉంటుంది.

చేతి మైకును నోటికి బెత్తెడు దూరంలో, గడ్డం కిందుగా పట్టుకుని, తల తిప్పినప్పుడు దాన్నీ తిప్పండి. చొక్కాకు పెట్టే మైకు గడ్డానికి జానెడు కిందుగా ఉండాలి. ఐడీ కార్డు తాడు, గొలుసు, దుపట్టా దానికి తగలకుండా చూసుకోండి. గొంతు పట్టేసినట్టుంటే గట్టిగా సవరించుకోవద్దు, స్వరతంత్రులు ఇంకా రాసుకుంటాయి. గుక్కెడు నీళ్లు తాగండి.

'సో', 'యాక్చువల్లీ', 'అంటే', 'అదే' పదే పదే వచ్చేస్తున్నాయి. ఎలా మానాలి?

తర్వాతి ఆలోచన అందేలోపు నిశ్శబ్దాన్ని పూడ్చడానికి నోరు వేసే మాటలవి. 'మానాలి' అనుకుంటే మానలేం, వాటి స్థానంలో మౌనాన్ని పెట్టాలి. వాక్యం అయ్యాక పెదవులు మూసేయండి. మూసిన నోటి నుంచి 'సో' రాదు. ఆ ఒక్క క్షణం మీకు యుగంలా ఉంటుంది, వినేవారికి మాత్రం విన్నది జీర్ణించుకునే వ్యవధి. ఒక వారంపాటు ఒక్క మాటనే లక్ష్యంగా పెట్టుకోండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే మాట్లాడటమే ఆగిపోతుంది. అక్కడక్కడ ఒకటి దొర్లితే పట్టించుకోనక్కర్లేదు.

సంభాషణలో 93 శాతం హావభావాలే అంటారు. నిజమేనా?

కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి రెండు ప్రయోగాల నుంచి మాటలకు 7, గొంతు తీరుకు 38, ముఖ కవళికలకు 55 శాతమన్న లెక్క వచ్చింది. అవి విడి మాటలతో, ఇష్టాయిష్టాలను ఎదుటివారు ఎలా గ్రహిస్తారన్న విషయం మీద చేసినవి. అన్ని రకాల సంభాషణకూ ఇది వర్తించదని ఆయనే చెప్పారు. మాటకూ ముఖానికీ పొంతన లేనప్పుడు జనం ముఖాన్నే నమ్ముతారన్నంతవరకు తీసుకోండి. బడ్జెట్ వివరాలు మాత్రం మాటల్లోనే అర్థమవుతాయి.

స్లయిడ్ల మీద ఎంత రాయాలి?

వినడం, చదవడం ఒకేసారి జరగవు. తెర మీద పేరా ఉంటే జనం దాన్ని చదువుతారు, మీ గొంతు అడ్డొస్తున్న చప్పుడులా మారుతుంది. మీరు ఆ పేరానే చదివితే ఇంకా నష్టం, వాళ్లు మీకంటే ముందే పూర్తిచేసి ఎదురుచూస్తుంటారు.

స్లయిడ్ శీర్షికలో అంశం పేరు బదులు తేలిన విషయం రాయండి. 'డెలివరీ గణాంకాలు' అంటే ఏమీ చెప్పినట్టు కాదు. 'ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఒక్క గోదాము నుంచే' అంటే చెప్పినట్టు. ఒక స్లయిడ్‌కు ఒక్క చార్టు, 24 పాయింట్లకు తగ్గని అక్షరాలు. తెర అవసరం లేని చోట పవర్‌పాయింట్ స్లయిడ్ షోలో బి కీ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. చూపులన్నీ మీ వైపు తిరుగుతాయి.

ఇది కేవలం అందచందాల విషయం అనుకోవద్దు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు పైపూతగా ఉన్న నురుగు పదార్థం (ఫోమ్) ముక్క ఊడి ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఆ దెబ్బ తీవ్రతపై ఇంజినీర్లు ఇచ్చిన ఒక స్లయిడ్‌ను దర్యాప్తు బోర్డు తన నివేదికలో ప్రత్యేకంగా విమర్శించింది. దాని శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. ఊడిన ముక్క పరీక్షల్లో వాడినదానికంటే ఎన్నో రెట్లు పెద్దదన్న సంగతి స్లయిడ్ అడుగున, చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. నిర్ణయం తీసుకునేవారు శీర్షిక చదువుతారు. హెచ్చరిక ఉంటే అది శీర్షికలోనే ఉండాలి.

సంక్లిష్టమైన విషయమైతే స్లయిడ్లే వద్దు. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో సీనియర్ సమావేశాల నుంచి పవర్‌పాయింట్‌ను తీసేశారు. ఆరు పేజీలకు మించని వ్యాసాన్ని సమావేశం మొదట్లో అందరూ మౌనంగా చదివాకే చర్చ మొదలయ్యే పద్ధతి అక్కడ స్థిరపడింది. చిన్న బృందానికి రెండు పేజీలు, పది నిమిషాల చదువు సరిపోతుంది. చదివి రమ్మని ముందురోజు పంపితే సగంమంది చదవరు, అందుకే గదిలోనే చదివించాలి.

అంకెలు చెప్పగానే జనం కళ్లు మూతలు పడుతున్నాయి. ఎలా చెప్పాలి?

నోటితో చెప్పేటప్పుడు గుండ్రంగా చెప్పండి: '18.73 శాతం' కాకుండా 'దాదాపు 19 శాతం'. దశాంశాలు చేతికిచ్చే కాగితంలో ఉంటాయి. ప్రతి అంకెకూ ఒక పోలిక జత చేయండి: పోయిన ఏడాది ఇదే సమయానికి ఎంత, లక్ష్యం ఎంత. పోలిక లేని అంకె పెద్దదో చిన్నదో ఎవరికీ తెలియదు. ఒక ప్రసంగం నుంచి రెండు మూడు అంకెలకు మించి ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు, అవేమిటో మీరే ఎంచుకోండి.

ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు తడబడుతున్నాను.

ప్రసంగానికి ఇచ్చినంత సమయం ప్రశ్నల తయారీకి ఎవరూ ఇవ్వరు. రావచ్చని మీరు భయపడుతున్న పది ప్రశ్నలు రాయండి, జవాబులు పైకి చెప్పి చూడండి. ఒక్కో జవాబు 40 సెకన్లు దాటకూడదు.

గదిలో ప్రశ్న వచ్చినప్పుడు పూర్తిగా విని, అందరికీ వినబడేలా క్లుప్తంగా తిరిగి చెప్పండి. మీకు ఆలోచించే వ్యవధి కూడా దొరుకుతుంది. ముందు జవాబు, ఆ తర్వాత కారణం. 'అవును, రెండు వారాలు ఆలస్యమవుతుంది. విడిభాగాలు రాలేదు.' కారణంతో మొదలుపెడితే తప్పించుకుంటున్నట్టు వినిపిస్తుంది. తెలియకపోతే 'తెలియదు, గురువారం సాయంత్రంలోగా మీకు రాసి పంపుతాను' అని చెప్పి, నిజంగా పంపండి. నాయకుడి మీద నమ్మకం ఏర్పడేది ఈ చిన్న చోటే అని మా అభిప్రాయం.

కోపంగా అడిగినవారి ప్రశ్నలోని నింద మాటను మీ నోట పలకొద్దు. 'ఎందుకింత చేతకాని నిర్వహణ?' అంటే 'నిర్వహణలో ఏం మార్చామని అడుగుతున్నారు' అని జవాబులోకి వెళ్లండి. అడిగినవారిని చూస్తూ మొదలుపెట్టి, మిగతావారి వైపు చూస్తూ ముగించండి. లేకపోతే అది ఇద్దరి మధ్య వాదనగా మారుతుంది.

మీరు అడిగిన ప్రశ్నకు ఎవరూ పలకకపోతే? చాలామంది ఒక సెకను ఆగి తామే జవాబు చెప్పేస్తారు. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల్లో గమనించినదీ ఇదే: టీచర్లు సగటున సెకను సేపే ఆగేవారు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వచ్చేవి. 'ప్రశ్నలేమైనా ఉన్నాయా?' అనే బదులు 'ఈ ప్రణాళికలో మీకు ఎక్కడ అనుమానంగా ఉంది?' అని అడిగి, మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి.

ప్రశ్నోత్తరాలతో సమావేశం ముగించొద్దు. ఆఖరి ప్రశ్న ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు. ఒక నిమిషం మిగుల్చుకుని, చేయాల్సిన పనిని మళ్లీ చెప్పి ఆపండి.

ఉద్యోగాల కోత, ప్రాజెక్టు రద్దు లాంటి వార్తలు ఎలా చెప్పాలి?

మొదటి నిమిషంలోనే, సూటి మాటల్లో. 'పునర్‌వ్యవస్థీకరణ ప్రయాణం' లాంటి మాటల వెనక దాక్కుంటే వినేవారు అసలు సంగతి కంటే ఘోరమైనది ఊహించుకుంటారు. ఏం జరిగింది, ఎందుకు, ఎవరి మీద ప్రభావం, ఎప్పటి నుంచి, ఏ సాయం అందుతుంది, వ్యక్తిగతంగా ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది, ఇదే వరుసలో చెప్పండి. నిర్ణయం యాజమాన్యానిదైతే 'మనం నిర్ణయించుకున్నాం' అనకండి. కూర్చున్నవారికి అందులో పాలు లేదు, ఆ మాట పుండు మీద కారం. 'ఈ నిర్ణయం నేను తీసుకున్నాను' అనండి.

చెడ్డవార్తకు ముందు కంపెనీ విజయాలు చెప్పొద్దు. 'ఇక ముందు కోతలుండవు' అన్న హామీ మీ చేతిలో లేకపోతే ఇవ్వొద్దు. కింది స్థాయి మేనేజర్లకు అదే రోజు కాస్త ముందుగా చెప్పి, రాబోయే ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు ఇవ్వండి. సమావేశం అయ్యాక జనం పరిగెత్తేది వాళ్ల దగ్గరికే.

అప్పగించిన పని చెప్పినట్టు జరగడం లేదు. నేను స్పష్టంగానే చెబుతున్నాను కదా?

చెప్పేవారందరికీ అలాగే అనిపిస్తుంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరు తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్లతో కొట్టాలి, ఎదుటివారు ఏ పాటో చెప్పాలి. సగం పాటలను గుర్తుపడతారని కొట్టినవారు అంచనా వేశారు. గుర్తుపట్టింది 120లో 3. కొట్టేవారి తలలో పాట మోగుతూనే ఉంది, వినేవారికి టకటకలే. ఆర్నెల్లుగా ఒక ప్రణాళికను మోస్తున్న నాయకుడి పరిస్థితీ అంతే.

'అర్థమైందా?' అంటే అందరూ తలూపుతారు. దాని బదులు 'నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, మొదట ఏం చేయబోతున్నారో ఒకసారి చెప్పండి' అనండి. విమాన పైలట్లు కంట్రోల్ టవర్ ఇచ్చిన అనుమతులను తిరిగి పలికి ధ్రువీకరించేది ఇందుకే. అప్పగింతలో ఫలితం ఎలా ఉండాలి, ఎప్పటికి, ఏ నిర్ణయం వాళ్లే తీసుకోవచ్చు, ఏది మిమ్మల్ని అడగాలి అన్న నాలుగూ వచ్చాయో చూసుకోండి. తరచుగా తప్పిపోయేది మూడోది.

ఆన్‌లైన్ సమావేశాల్లో ఏం మార్చుకోవాలి?

కెమెరా కంటి ఎత్తులో, వెలుగు ముఖానికి ఎదురుగా. వెనక కిటికీ ఉంటే ముఖం నీడగా మారుతుంది. చిత్రం కంటే శబ్దం ముఖ్యం కాబట్టి ల్యాప్‌టాప్ మైకు కంటే హెడ్‌సెట్ నయం. శబ్దం ఆలస్యంగా చేరుతుంది, అందుకే ప్రతి ప్రశ్న తర్వాత గదిలోకంటే ఎక్కువసేపు ఆగాలి. ఎవరినైనా అడగాలంటే ముందు పేరు, తర్వాత ప్రశ్న. పేరు చివర్లో వస్తే పాపం ఆ మనిషి ప్రశ్న వినకుండానే దొరికిపోతారు.

క్రమంగా సాధన చేయడానికి ఏదైనా పద్ధతి ఉందా?

ఒంటరిగా చేసేదానికంటే నలుగురి మధ్య చేసేది త్వరగా ఫలిస్తుంది. రాల్ఫ్ స్మెడ్లీ 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడ మామూలు ప్రసంగం ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఐదో నిమిషానికి ఆకుపచ్చ, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు దీపం వెలుగుతుంది. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే భాగమూ ఉంటుంది. నాయకులకు ఎక్కువ పనికొచ్చేది ఇదే, ఎందుకంటే పనిలో ముందే తెలిసిన ప్రసంగాలకంటే ఉన్నట్టుండి 'మీరేమంటారు?' అని అడిగే సందర్భాలే ఎక్కువ.

క్లబ్బు కుదరకపోతే వారపు సమావేశాన్నే వాడుకోండి. ప్రతి వారం ఒక్క లోపం మీదే పనిచేయండి. సమావేశం ముగిశాక ఒకరిని పక్కకు పిలిచి, మీరు చెప్పినదాన్ని రెండు వాక్యాల్లో చెప్పమనండి. మనిషిని మారుస్తూ ఉండండి. వాళ్ల మాటలను తేదీతో సహా రాసి పెట్టుకుని మూడు నెలల తర్వాత మొదటి పేజీతో పోల్చి చూడండి.